పెన్‌డ్రైవ్ తప్పు కాదు

మా అక్క కొడుకు అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాడు. ఒక శనివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కన్వర్టిబుల్ అది. కీబోర్డు ఊడదీస్తే ట్యాబ్లెట్, తగిలిస్తే ల్యాప్‌టాప్. పదేళ్లు దాటిన యంత్రం కాబట్టి విండోస్ నత్తనడక నడుస్తోంది. దాని పక్కనే లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పెన్‌డ్రైవ్ నుంచి వేసుకుందామని మూడు రాత్రులు కూర్చున్నాడట, పని కాలేదు.

"పిన్నీ, పెన్‌డ్రైవ్ పాడైనట్టుంది. మూడు మార్చాను, ఒక్కటీ బూట్ మెనూలో కనపడట్లేదు" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బూట్ మెనూ అంటే యంత్రం దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా.

అందులో ఒకటి తీసుకుని నా ల్యాప్‌టాప్‌కు పెట్టాను. నిమిషం తిరక్కుండా ఇన్‌స్టాలర్, అంటే లైనక్స్‌ను ఎక్కించే ప్రోగ్రామ్, వచ్చింది. అంటే పెన్‌డ్రైవ్ బాగానే ఉంది, అందులో రాసిన ఫైలూ బాగానే ఉంది. ఈ చిన్న పరీక్ష మొదటి రాత్రే చేసి ఉంటే మిగతా రెండు రాత్రులు హాయిగా నిద్రపోయేవాడు. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం పెన్‌డ్రైవ్ మారుస్తాం, సెట్టింగ్ మారుస్తాం, ఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాం, అన్నీ ఒకేసారి. ఒకవేళ పని అయినా దేనివల్ల అయిందో తెలియదు.

పవర్ బటన్ నొక్కాక లోపల జరిగేది బావి దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించుకోవడం లాంటిది. మొదట మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ లేస్తుంది. 1981 నాటి ఐబీఎం పీసీలో దాన్ని బయోస్ అన్నారు. ఇప్పటి యంత్రాల్లో ఉండేది యూఈఎఫ్ఐ, కానీ జనం నోట ఇంకా బయోసే. అది బూట్‌లోడర్ను వెతికి పట్టుకుంటుంది. బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ డిస్కునీ తెరనీ వైఫైనీ గుర్తుపట్టాక ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. బిందె ఎవరి చేతిలో జారిందో తెలుసుకోవడమే అసలు పని. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే లేదంటే బిందె ఇంకా ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉంది. మెనూ వచ్చి, ఆ తర్వాత తెర నల్లబడితే కెర్నెల్‌కూ గ్రాఫిక్స్‌కూ పొసగలేదేమో చూడాలి. ఇన్‌స్టాలర్ వచ్చాక డిస్కు కనపడకపోతే స్టోరేజ్ డ్రైవర్ సంగతి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనపడదు. డ్రైవర్ విడిగా ఎక్కించాలి.

మావాడి బిందె మొదటి చేతిలోనే ఆగిపోయింది. కొన్ని ఫర్మ్‌వేర్‌లలో సెక్యూర్ బూట్ ఉంటే ఇలా జరగొచ్చు. 2012లో విండోస్ 8తో ఇది పీసీల్లో వ్యాపించింది. నమ్మకమైన సంతకం లేని బూట్‌లోడర్ను ఫర్మ్‌వేర్ నడవనివ్వదు. సెక్యూర్ బూట్‌ను అప్పటికే ఆపేశానన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆ యంత్రంలో బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం, లేదు కాబట్టి సరిపోయింది. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో డిస్కు తాళంచెవి టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. బూట్ అయ్యే తీరు మారితే ఆ చిప్ తాళంచెవి ఇవ్వదు, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దగ్గర లేకపోతే డిస్కులోని ఫొటోలు, ఫైళ్లు ఇక తెరుచుకోకపోవచ్చు. దయచేసి ఏ సెట్టింగ్ ముట్టుకోకముందే ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి, ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

మరి పెన్‌డ్రైవ్ ఎందుకు కనపడలేదు? విండోస్‌లో సిస్టమ్ వివరాల పేజీ తెరిచాం. అక్కడ ఒక వరస: 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్. మావాడు దాన్ని చాలాసార్లు చూశాడు, పట్టించుకోలేదు. నేను వేలు పెట్టి చూపించాను. ఎక్స్64 అంటే ప్రాసెసర్ 64-బిట్‌ది, విండోస్ మాత్రం 32-బిట్‌ది. ఒకేసారి ఎన్ని బిట్లతో లెక్క చేస్తుందో చెప్పే అంకె అది. యూఈఎఫ్ఐ యంత్రంలో ఫర్మ్‌వేర్ ఎన్ని బిట్లదైతే విండోస్ కూడా అన్ని బిట్లదే కావాలి. అంటే ఇందులో ఫర్మ్‌వేర్ 32-బిట్‌ది. 2013, 2014 ప్రాంతంలో ఇంటెల్ వాళ్ల బే ట్రెయిల్ రకం ప్రాసెసర్లతో వచ్చిన చవక ట్యాబ్లెట్లూ కన్వర్టిబుళ్లూ చాలావరకు ఇలాంటివే.

పాత బయోస్ డిస్కు మొదట్లో ఉన్న 512 బైట్లు తీసుకుని కళ్లు మూసుకుని నడిపించేది. యూఈఎఫ్ఐ అలా కాదు, ఫోల్డర్లు తెరిచి చదవగలదు. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, అందులో బూట్ అనే ఫోల్డర్, దాంట్లో ఒక ఖాయమైన పేరున్న ఫైల్ కోసం చూస్తుంది. 64-బిట్ ఫర్మ్‌వేర్‌కు ఆ పేరు బూట్‌ఎక్స్64. 32-బిట్ ఫర్మ్‌వేర్‌కు బూట్‌ఐఏ32. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే మొదటిదే ఉంది, రెండోది లేదు. పాపం ఆ ఫర్మ్‌వేర్ మూడు రాత్రులూ తనకు తెలిసిన పేరు కోసం వెతికి, దొరక్క ఊరుకుంది.

2014లో లైనక్స్ కెర్నెల్ 3.15 వెర్షన్‌తో, 32-బిట్ ఫర్మ్‌వేర్ మీద 64-బిట్ కెర్నెల్ నేరుగా నడిచే వీలు వచ్చింది. 2015లో వచ్చిన డెబియన్ 8 అనే లైనక్స్ రకం ఇలాంటి యంత్రాల కోసం రెండు రకాల బూట్‌లోడర్లూ ఉన్న ఇన్‌స్టాలర్ను ఇచ్చింది. బూట్‌ఐఏ32 ఉన్న డెబియన్ ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌కు రాశాం. ఈసారి మెనూలో పేరు కనపడింది. మావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కానీ అక్షరాలన్నీ పక్కకు పడుకుని ఉన్నాయి! తల వంచుకుని చదవాల్సి వచ్చింది. కారణం తెలిస్తే ముచ్చటేస్తుంది. ఇలాంటి యంత్రాల్లో వాడే తెర చాలాసార్లు ట్యాబ్లెట్ కోసం నిలువుగా తయారైనదే. దాన్ని అడ్డంగా బిగిస్తారు, తిప్పి చూపించే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. అలాంటి మోడళ్ల జాబితా కెర్నెల్‌లోనే ఉంది, మా మోడల్ పేరు అందులో లేనట్టుంది. మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే బూట్ లైన్‌లో తెర తిప్పమని ఒక మాట చేర్చి పని ముగించాం. వైఫై డ్రైవర్ దొరకలేదు కానీ, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చాం.

ఇన్‌స్టాల్ అయ్యాక ట్యాబ్లెట్‌ను తిప్పితే బొమ్మ తప్పు వైపు తిరిగింది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. లోపల యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో సిలికాన్‌తో చేసిన అతి సన్నటి ముక్క స్ప్రింగుల్లాంటి కాళ్ల మీద వేలాడుతుంది. గురుత్వం ఎటు ఉంటే అటు రవ్వంత జరుగుతుంది, ఆ జరుగుడును చిప్ అంకెగా మారుస్తుంది. బెంగళూరులో గురుత్వం సెకనుకు సెకనుకు సుమారు 9.78 మీటర్లు. ట్యాబ్లెట్‌ను ల్యాప్‌టాప్ తెరలా నిలబెట్టి పట్టుకున్నాను, మావాడు అంకెలు చదివాడు. నిలువు దిక్కైన వై దగ్గర రావాల్సిన అంకె అడ్డం దిక్కైన ఎక్స్ దగ్గర వచ్చింది. చిప్‌ను బోర్డు మీద పావు చుట్టు తిప్పి అతికించారన్నమాట. సెన్సర్ అబద్ధం చెప్పట్లేదు, అది కూర్చున్న తీరు మనం చెప్పలేదంతే. ఆ తీరును తొమ్మిది అంకెల చిన్న పట్టికగా రాసిస్తే బొమ్మ సరిగ్గా తిరిగింది.

సాయంత్రానికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. రాత్రి పదింటికి ఫోన్.

"పిన్నీ, లైనక్స్‌లో టైమ్ కరెక్టుగా ఉంది. విండోస్‌లోకి వెళ్తే సాయంత్రం నాలుగున్నర చూపిస్తోంది. గడియారం బ్యాటరీ పోయిందా?"

నేను ఏమీ అనలేదు. కాసేపు అటువైపు కూడా చప్పుడు లేదు.

"ఆగు పిన్నీ, సరిగ్గా ఐదున్నర గంటలు తేడా. అంటే లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో పెట్టింది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటోంది. బ్యాటరీ బాగానే ఉంది."

అవునన్నాను. రెండిట్లో ఏదో ఒకదాన్ని మారిస్తే చాలు, విండోస్‌నే మారుస్తానన్నాడు.