తెల్ల గౌను మీద నీలి నీడలు

‘ఆమె తెల్ల గౌను మీద అంత నీలం ఎందుకు? దిగులుగా ఉందనా?’ అని ఒక పాఠకురాలు అడిగారు. స్పెయిన్ చిత్రకారుడు హొవాకిన్ సొరోయా 1909లో వేసిన ‘సముద్రతీర విహారం’ గురించి ఆ ప్రశ్న. వలెన్సియా తీరంలో ఆయన భార్య క్లొతిల్దే, కూతురు మరియా నడుస్తుంటారు.

దిగులు కాదు, అది ఆకాశం. నీడ అంటే వెలుగు లేని చోటని బడిలో చెప్పి వదిలేస్తాం. నిజానికి నీడలో ఎండ ఉండదు గాని వెలుగు ఉంటుంది! గాలి అణువులు కాంతిని వెదజల్లే తీరు తరంగదైర్ఘ్యపు (కాంతి అల పొడవు) నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది: అల పొట్టిదైన కొద్దీ ఎక్కువ చెదురుతుంది. అంటే 650 నానోమీటర్ల ఎరుపు కంటే 450 నానోమీటర్ల నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఎండ తగలని మడతకు వెలుగు ఆ నీలాకాశం నుంచే రావాలి. కిందికి వంగిన మడత మీద మాత్రం ఇసుక నుంచి ఎగసిన పసుపు ఛాయ పడుతుంది. తెల్లబట్ట ఒక జమాఖర్చుల పుస్తకం. ఏ దిక్కు నుంచి ఏ రంగు ఎంత వచ్చిందో మడత మడతకూ రాసిపెడుతుంది. పొద్దు వాలిన కొద్దీ ఎండ పసుపెక్కుతుంది, దాని పక్కన నీడ మరింత నీలంగా తోస్తుంది. మామూలుగా ఈ నీలం మన కంట పడదు. బట్ట తెల్లదని తెలిసిన మెదడు దాన్ని తీసివేసి చూపిస్తుంది. ఆ సవరణను రద్దు చేయడమే చిత్రకారుడి పని.

మరి భావం ఎక్కడుంది? నా మటుకు, రంగులో కన్నా నీడ అంచులో. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పే. అందుకే గొడుగు అంచు నీడ మీటరు దూరంలో పడినా 9 మిల్లీమీటర్ల మేరకే మసకబారుతుంది. పదునైన అంచులు కనబడితే ఎండ కాస్తోందని, గాలి ఆడుతోందని ఒళ్లు నమ్ముతుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా ఒకే దీపం, అంచులు కరిగిపోతాయి.

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808–1810 మధ్య వేసిన ‘సముద్రతీరంలో సన్యాసి’ చూడండి. చిన్న మనిషి, నల్లటి నీరు, కాన్వాసులో అధికభాగం ఆకాశమే. స్పష్టమైన నీడ ఒక్కటీ లేదు. పొద్దు ఎంత ఎక్కిందో, ఎటు ఉందో చెప్పే గుర్తు లేదు. ఇక్కడి దిగులు రంగులోంచి కాదు, ఆ లేమిలోంచి వస్తుంది. నీలం దిగులుకు గుర్తు, తెలుపు శాంతికి గుర్తు అనే పట్టికలు జాతకచక్రాల కంటే మెరుగు కావని నాకు అందుకే అనిపిస్తుంది. పరారుణ కిరణాలతో పరీక్షిస్తే ఫ్రీడ్రిష్ మొదట సముద్రంలో ఓడలు గీసి, తర్వాత కప్పేశాడని తేలింది. వెలుగు జాడలు చెరిపినట్టే, చూపు ఆనడానికి మిగిలిన ఆసరాలనూ తీసేశాడన్నమాట.