నీలగిరి చెట్టుకి నీలగిరి పుట్టిల్లు కాదు

ఊటీలో చెట్లు కొట్టేస్తున్నారన్న వీడియో మళ్ళీ తిరుగుతోంది. మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ గ్రూపులో నిన్న పొద్దున పడింది, రాత్రికల్లా ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. కొడుతున్నది వాటిల్ అండీ, మన తుమ్మకి ఆస్ట్రేలియా చుట్టం, అక్కడి గడ్డినీ ఊటల్నీ మింగేసింది అని ఒకాయన. చెట్టు చెట్టే కదా, ఇక్కడ మనం ఎండకి మాడిపోతుంటే అక్కడ నరుకుతామంటే ఎలా అని ఒకావిడ. ఆవిడని తప్పుపట్టలేం. యూకలిప్టస్‌ని మనం నీలగిరి చెట్టు అనే పిలుస్తాం. 1840ల్లో సముద్రం దాటి వచ్చినదానికి కొండ పేరు పెట్టేశాక, ఆ కొండే దాని పుట్టిల్లు అనుకోవడంలో వింతేముంది.

దొరలు, బంగళాలు, టీ తోటలు అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. ఈ గొడవకి అసలు మలుపు 1993 అని నా లెక్క.

అప్పటిదాకా గట్టిగా నడిచిన వాదన ఒకటుంది: ఆ కొండల మీద మొదట్లో అంతా అడవే, అక్కడ గేదెలు మేపుకునే గిరిజనులు తోడాలు, మేత కోసం తగలబెట్టి గడ్డి చేశారు, కాబట్టి చెట్లు నాటితే పాడైనదాన్ని బాగుచేసినట్టే. దీన్ని కదిలించింది బురద. రెండు వేల మీటర్ల పైన, కొండ మడతల అడుగున ఊబి నేలలుంటాయి. చలి, ఎప్పుడూ నీళ్ళు, లోపలికి గాలి ఆడదు, దాంతో చచ్చిన తుంగా గడ్డీ పూర్తిగా కుళ్ళకుండా నల్లటి ముద్దలా పొర మీద పొర పేరుకుంటాయి. దాన్ని పీట్ అంటారు. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)కి చెందిన రామన్ సుకుమార్, తోటి శాస్త్రవేత్తలు ఆ పొరల్లో కార్బన్ లెక్క తీసి 1993లో నేచర్ పత్రికలో వేశారు.

లెక్క ఏంటంటే, గాలిలోంచి కార్బన్ తీసుకునే పద్ధతి మొక్కలన్నిటికీ ఒకటి కాదు. వరిది ఒక దారి, జొన్నది ఇంకోటి. చెట్లూ, చల్లటి తడి చోట్ల పెరిగే మొక్కలూ ఎక్కువగా వరి దారి. వేడికీ కరువుకీ ఓర్చుకునే గడ్డి జొన్న దారి. కార్బన్‌లో కాస్త తేలికదీ, కాస్త బరువైనదీ ఉంటాయి; వరి వైపు మొక్కలు బరువైనదాన్ని ఎక్కువగా వదిలేస్తాయి, ఆ తేడా మొక్క చచ్చినా పీట్‌లో మిగులుతుంది. సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరి వానలు పలచబడ్డప్పుడు, అక్కడ జొన్న వైపు గడ్డిదే రాజ్యం. 11,000 ఏళ్ళ కిందట వానాకాలం బలపడ్డాక వరి వైపు మొక్కలు లేచాయి. తర్వాత మళ్ళీ కరువు, మళ్ళీ గడ్డి. 1997లో ఈ లెక్కని 40,000 ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళారు. అంటే గేదెల మందలు కొండెక్కడానికి ఎంతో ముందే గడ్డి ఉంది, అక్కడ ఏది పెరగాలో వానా చలీ తేలుస్తూ వచ్చాయి.

చలి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనకి పొగమంచుకీ, నేల మీద గడ్డకట్టే మంచుకీ ఒకటే మాట. ఇక్కడ చెప్పేది గడ్డకట్టేదాని గురించి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో బరువెక్కిన చల్లగాలి లోయ అడుక్కి దిగుతుంది, పొద్దున చూస్తే ఊబి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. షోలా, అంటే ఆ కొండ మడతల్లో సహజంగా పెరిగే పొట్టి చెట్ల అడవి, దాని మొలక ఆరుబయట ఆ రాత్రిని దాటడం కష్టం, పెద్ద చెట్ల నీడలో అయితే బతుకుతుంది. అందుకే అడవికీ గడ్డికీ మధ్య గీత గీసినట్టుంటుంది. ఇంకా కిందకి దిగితే నీళ్ళది పెత్తనం. మన చెరువు శిఖంలో నీళ్ళు నిలిచేచోట జమ్ము, ఒడ్డున తుంగ, పైన గరిక వరసగా ఉంటాయి చూడండి, అలాగే.

వాటిల్ ఆ మంచుకి పెద్దగా జంకదు. పైగా సర్కారు కాగితాల్లో గడ్డి నేల అంటే ఉత్త బంజరు. స్వాతంత్ర్యం తర్వాత కూడా తోలు పరిశ్రమకి బెరడు కావాలనీ, విస్కోస్ బట్టల దారానికి గుజ్జు కావాలనీ వేలాది ఎకరాల్లో నాటారు. పళని కొండల్లో 1973 నుంచి 2014 లోపు మూడింట రెండొంతుల గడ్డి నేల పోయిందని ఉపగ్రహ చిత్రాలతో లెక్క తేలింది, పోయినచోట ఎక్కువగా వచ్చింది ఈ తోటలూ సాగూ.

ఆవిడ మాటలోనూ కొంత పస ఉంది. ఒక్కసారిగా నరికితే వాలు మీద మట్టి జారుతుంది, నేలలో ఏళ్ళ తరబడి దాక్కున్న వాటిల్ గింజలన్నీ ఒకేసారి మొలుస్తాయి, కొన్నిచోట్ల ఆ నీడలోనే షోలా మొక్కలు పైకొస్తున్నాయి కూడా. కాబట్టి ఎక్కడ, ఎంత, ఎలా అన్నది మాట్లాడుకోవాల్సిందే. మద్రాస్ హైకోర్టులో ఏళ్ళుగా నలుగుతున్నదీ ఇలాంటి చిక్కులే. కానీ ఊబిలో నాటిన చెట్టుకి ఈ వాదన వర్తించదు. అది ఊటని తాగుతుంది, పీట్ ఎండుతుంది, వేల ఏళ్ళుగా దాచిన కార్బన్ గాల్లో కలుస్తుంది. చెట్టు కార్బన్ దాస్తుంది కదా అనేవాళ్ళు ఈ ఖర్చు రాయడం మర్చిపోతారు.

తోడాలు తమ గుడి పైకప్పుకి కప్పే గడ్డి ఒకటుంది, ఊబి నేలల్లో తప్ప దొరకదు, ప్రపంచంలో నీలగిరుల్లోనే పెరుగుతుంది. ఇంటి పక్క ఊబి ఎండిపోయినవాళ్ళు ఇప్పుడు దానికోసం దూరపు లోయలకి నడుస్తున్నారు. నీలగిరి పేరు పెట్టాల్సింది ఆ గడ్డికి.