సైనిక వైద్యంలో పెద్ద కుర్చీ: 76 ఏళ్లు ఎందుకు పట్టింది?

2024 అక్టోబర్ 1న సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్నారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటి వైద్య వ్యవస్థలోనూ ఇంతకు మించిన పదవి లేదు. 1948లో పుట్టిన ఆ పదవి ఒక మహిళకు దక్కడం ఇదే మొదటిసారి. విశాఖ టింపనీ స్కూల్లో చదువుకున్న మనిషి కాబట్టి మనకు ఇది ఇంటి వార్త కూడా. రెండు నెలల ముందే, ఆగస్టు 1న, లెఫ్టినెంట్ జనరల్ సాధనా సక్సేనా నాయర్ ఆర్మీ వైద్య సేవలకు అధిపతి అయ్యారు. అక్కడా మహిళకు అదే మొదలు.

సంతోషించాల్సిన విషయమే. కానీ సైన్యంలో మహిళా డాక్టర్లకు రెగ్యులర్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఆఫీసర్‌గా కొనసాగే నియామకం, 1958లోనే దొరికింది. మిగతా శాఖల తలుపులు మహిళా ఆఫీసర్లకు తెరుచుకున్నది 1992 ప్రాంతంలోనే. అంటే అందరికంటే ముందు తలుపు తెరిచింది వైద్య విభాగమే. అలాంటి చోట పైదాకా రావడానికి 2024 దాకా ఎందుకు పట్టింది? జవాబు కావాలంటే పైన ఎవరున్నారన్నది కాదు, కింద ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని ఉండనిచ్చారు అన్నది చూడాలి.

ఈ వ్యవస్థ మూలాలు ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో, 1764లో బెంగాల్‌లో ఏర్పడిన మెడికల్ సర్వీస్‌లో ఉన్నాయి. బెంగాల్, మద్రాస్, బొంబాయి ప్రెసిడెన్సీల సర్వీసులు 1896లో కలిసి ఒకే ఇండియన్ మెడికల్ సర్వీస్ అయ్యాయి. ఆఫీసర్ల పోటీ పరీక్ష జరిగేది లండన్‌లో. 1855లో సూర్జో కుమార్ గుడీవ్ చక్రవర్తి అందులో నెగ్గి సర్వీస్‌లో చేరిన తొలి భారతీయుడయ్యారు. పరీక్ష రాయాలంటే సముద్రం దాటాలన్న షరతే ఎంతమందిని ఆపేసిందో ఊహించుకోవచ్చు. మిగతా భారతీయ వైద్యుల్లో ఎక్కువమందికి మిగిలింది ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్‌లో కింది మెట్టు, సబ్ అసిస్టెంట్ సర్జన్ లాంటి ఉద్యోగాలే.

ఆ అంతరం మన బేగంపేటలోనే కనిపిస్తుంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ ఈ సర్వీస్‌లోని ఆఫీసరే, అప్పుడు సికింద్రాబాద్‌లో పోస్టింగ్‌లో ఉన్నారు. ఆయన ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అంతస్తులను కొంత కూల్చింది. యుద్ధానికి డాక్టర్లు చాలక, 1943 ఏప్రిల్ 3న మెడికల్ సర్వీస్‌నూ, మెడికల్ డిపార్ట్‌మెంట్‌నూ, హాస్పిటల్ కోర్‌నూ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్‌గా మార్చారు. స్వాతంత్ర్యం వచ్చాక బి.సి. రాయ్ కమిటీ మూడు దళాల వైద్యాన్నీ ఒకే గొడుగు కిందికి తెమ్మంది. అలా 1948లో డైరెక్టర్ జనరల్ పదవి వచ్చింది. అదే ఏడాది మే 1న పుణెలో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ మొదలైంది. అయితే ఆ కాలేజీలో ఎంబీబీఎస్ తొలి బ్యాచ్ చేరింది 1962 ఆగస్టులో. అప్పటిదాకా సైన్యం బయట చదువుకున్న డాక్టర్ల మీదే ఆధారపడింది. సొంతంగా డాక్టర్లను తయారు చేయడం మొదలుపెట్టిన రెండు నెలలకే చైనాతో యుద్ధం వచ్చిపడింది.

1963లో పుణె కాలేజీలో చేరిన అమ్మాయిల్లో ఒకరు పద్మావతి. తమిళ కుటుంబమే అయినా పుట్టింది తిరుపతిలో, పెరిగింది ఢిల్లీలో. తల్లి టీబీతో మంచాన పడితే చిన్న వయసులోనే సేవలు చేసిన పిల్ల ఆమె. 1968లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, పద్మా బందోపాధ్యాయగా మన దేశంలో ఏరోస్పేస్ మెడిసిన్ (గగనయానం చేసేవాళ్ల ఆరోగ్యం చూసే వైద్యం) స్పెషలిస్ట్ అయిన తొలి మహిళగా నిలిచారు. 1971 యుద్ధకాలపు సేవకు ఆమెకూ భర్తకూ ఒకే వేడుకలో విశిష్ట సేవా పతకాలు అందాయి. 2004లో ఎయిర్ మార్షల్ హోదాతో ఎయిర్‌ఫోర్స్ వైద్య విభాగాన్ని నడిపారు. అదే ఏడాది పునీతా అరోరా తొలి మహిళా లెఫ్టినెంట్ జనరల్‌గా పుణె కాలేజీకి అధిపతి అయ్యారు. ఆమె కమిషన్ అందుకున్నది కూడా 1968లోనే. ఇద్దరూ ఆ పెద్ద కుర్చీకి ఒక్క మెట్టు దూరం దాకా వచ్చారు. కుర్చీ మాత్రం అందలేదు.

ఇక్కడే అసలు లెక్క ఉంది. 1968 నుంచి 2004కు 36 ఏళ్లు. ఆర్తీ సరీన్ కమిషన్ అందుకున్నది 1985 డిసెంబర్‌లో, ఆ పదవి చేపట్టడానికి దాదాపు 39 ఏళ్లు. సైన్యం పైస్థాయికి బయటినుంచి ఎవరినీ తెచ్చుకోలేదు. కాబట్టి ఈ రోజు నాయకత్వం ఎవరిదో నాలుగు దశాబ్దాల కిందటి అడ్మిషన్ జాబితాలోనే సగం తేలిపోతుంది. మిగతా సగం పర్మనెంట్ కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉండనిచ్చే నియామకం, తేలుస్తుంది. షార్ట్ సర్వీస్‌లో, అంటే పరిమిత కాలపు కమిషన్‌తో, చేరిన డాక్టర్‌కు మొదట ఐదేళ్లు, పొడిగిస్తే మొత్తం 14 ఏళ్లు. పర్మనెంట్ దొరకకపోతే చేయి తిరిగిన వయసులో ఇంటికి పంపేస్తారు. 2021 మేలో కోవిడ్ రెండో వేవ్ ముంచెత్తినప్పుడు రక్షణ శాఖ ఏం చేసింది? 2017 నుంచి 2021 మధ్య సర్వీస్ వదిలిన డాక్టర్లలో 400 మందిని గరిష్ఠంగా 11 నెలల కాంట్రాక్టు మీద మళ్లీ తీసుకోవడానికి ఉత్తర్వు ఇచ్చింది. ఆ అవసరం కోవిడ్‌తో పుట్టిందే అయినా, వాళ్లను నిలుపుకునే దారి ముందే వెతకాల్సిందని నా అభిప్రాయం.

డాక్టర్ల సంగతి ఇలా ఉంటే, నర్సులది వేరే నిచ్చెన. అది ఇంకా పొట్టిది. 1888లో పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయిలో దిగడంతో వాళ్ల చరిత్ర మొదలైంది. 1926 అక్టోబర్ 1న ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ శాశ్వతంగా ఏర్పడింది, 1943 ఆర్డినెన్స్‌తో నర్సులు కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు. 1976లో గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయ్యారు. మన సైన్యంలో ఆ హోదా అందుకున్న తొలి మహిళ ఒక నర్సు అన్న సంగతి ఎంతమందికి తెలుసు? అయితే నర్సుల నిచ్చెన అక్కడితోనే ఆగిపోతుంది, మేజర్ జనరల్ దాటి పై మెట్టు లేదు.

ఆ నిచ్చెన ఎక్కుతున్నవాళ్లను మధ్యలోనే దించే నిబంధన ఒకటి 1977లో వచ్చింది. పెళ్లి చేసుకుంటే నర్సింగ్ ఆఫీసర్‌ను సర్వీస్‌నుంచి తీసేయవచ్చు. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో లెఫ్టినెంట్‌గా కమిషన్ అందుకున్న ఒక నర్సు ఒక ఆర్మీ ఆఫీసర్‌ను పెళ్లాడారు. 1988లో ఆమెను విధుల నుంచి తొలగించారు. భర్త ఉద్యోగానికి ఏమీ కాలేదు. నిబంధన 1995లో రద్దయింది గానీ ఆమె న్యాయపోరాటం 2024 ఫిబ్రవరి దాకా సాగింది. ఆ నిబంధన ఏకపక్షమని, ఆడవాళ్ల మీద వివక్ష అని తేల్చి సుప్రీంకోర్టు 60 లక్షల రూపాయలు చెల్లించమంది. అప్పటికి తొలగింపు జరిగి 36 ఏళ్లు. పునీతా అరోరా కమిషన్ అందుకుని లెఫ్టినెంట్ జనరల్ కావడానికి పట్టినన్ని ఏళ్లు ఈమెకు కోర్టుల్లో, ఎదురుచూపుల్లో గడిచిపోయాయి.

2024లో పుణె కాలేజీ ఎంబీబీఎస్‌లో మన విద్యార్థులకు ఉన్న 145 సీట్లలో అమ్మాయిలకు 30. ఆ 30 మంది ఇప్పుడు అక్కడ చదువుకుంటున్నారు. వాళ్లలో ఎవరైనా పెద్ద కుర్చీ దాకా రాగలిగితే, దాదాపు ఐదేళ్ల చదువు, ఆపై 39 ఏళ్లు అన్న పాత లెక్క ప్రకారం అది 2068 ప్రాంతంలో.