155 మిల్లీమీటర్ల ఫిరంగి: ముప్పై ఏళ్ల విరామం, ఆ తరువాత

1986 మార్చిలో భారత ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన బోఫోర్స్ సంస్థతో 410 ఫిరంగులకు ఒప్పందం కుదుర్చుకుంది. విలువ సుమారు 1,437 కోట్ల రూపాయలు. ఫిరంగులతో పాటు వాటిని ఇక్కడే తయారు చేసుకునేందుకు సాంకేతిక పత్రాలు పొందే హక్కు కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపుల వార్తను ప్రసారం చేసింది. ఆ తరువాతి రాజకీయ తుపాను అందరికీ తెలుసు. అంతగా చర్చకు రాని సంగతి మరొకటి ఉంది. మన చేతికి వచ్చిన నమూనా చిత్రాలు, కొలతల పత్రాలు ఆయుధ కర్మాగారాల్లో పాతికేళ్ల పాటు ఎవరూ ముట్టకుండా పడి ఉన్నాయి. ముడుపుల కంటే ఈ నష్టమే పెద్దదని నా అభిప్రాయం. పత్రం ఉన్నంత మాత్రాన ఫిరంగి తయారు కాదు. అలాగని పత్రాన్ని పక్కన పడేస్తే, దాన్ని లోహంలోకి మార్చే పనివాళ్ల తరం ఒకటి తయారు కాకుండానే పోతుంది.

అది ఎందుకంత పెద్ద నష్టమో తెలియాలంటే ఫిరంగి గొట్టం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

నేటి పెద్ద ఫిరంగుల గురించి రాసేటప్పుడు 155/39, 155/45, 155/52 అని రెండేసి సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండోది గొట్టం పొడవు ఆ వ్యాసానికి ఎన్ని రెట్లు ఉందో చెబుతుంది. బోఫోర్స్ 39 రెట్లు, అంటే సుమారు 6 మీటర్లు. 52 రెట్ల గొట్టం 8 మీటర్లు దాటుతుంది. మందు మండి పుట్టే వాయువులు గుండును ఎంత ఎక్కువ దూరం తోస్తే అది అంత వేగం అందుకుంటుంది. 39 రెట్ల గొట్టంలో సెకనుకు దాదాపు 830 మీటర్ల వేగంతో బయటపడే గుండు, 52 రెట్ల గొట్టంలో సుమారు 945 మీటర్ల వేగం పొందుతుంది. 45 కిలోల గుండుకు ఆ వేగంలో ఉండే శక్తి, 10 టన్నుల లారీ గంటకు 225 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నప్పటి శక్తికి సమానం. ఆ శక్తి అంతా సెకనులో యాభయ్యో వంతు తిరగకముందే గుండులోకి చేరుతుంది.

ఆ క్షణంలో గొట్టం మొదట్లో పీడనం వాతావరణ పీడనానికి మూడు, నాలుగు వేల రెట్లు ఉంటుంది. గుండు అడుగు భాగంపై 600 టన్నులకు మించిన బలం పడుతుంది. వాయువుల ఉష్ణోగ్రత ఉక్కు కరిగే స్థాయి కంటే ఎంతో ఎక్కువ. ఆ వేడి క్షణకాలమే ఉంటుంది కాబట్టి గొట్టం కరిగిపోదు. కానీ పేల్చిన ప్రతిసారీ లోపలి పొర కొంచెం అరుగుతుంది, కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. మామూలు ఉక్కు దీనికి పనికిరాదు. ముందుగా ఉక్కును ప్రత్యేక పద్ధతుల్లో మళ్లీ కరిగించి మలినాలు తీసేస్తారు. దిమ్మెను వేడి చేసి చుట్టూ సుత్తులతో కొట్టి పొడవాటి రూపం తెస్తారు. రంధ్రం తొలిచి, గుండు తిరుగుతూ వెళ్లేలా మెలికల గాడులు కోస్తారు.

వీటన్నిటి మధ్యలో నాకు అత్యంత ఆశ్చర్యంగా అనిపించే దశ ఒకటి ఉంది. దాన్ని ఆటోఫ్రెటేజ్ అంటారు. గొట్టాన్ని లోపలి నుంచి విపరీతమైన బలంతో సాగదీస్తారు. లోపలి పొర తిరిగి మొదటి కొలతకు రాలేనంతగా సాగిపోతుంది. బయటి పొర మాత్రం వెనక్కి రావాలని చూస్తూ లోపలి పొరను శాశ్వతంగా నొక్కిపట్టి ఉంచుతుంది. పేలుడు వాయువులు గొట్టాన్ని చీల్చాలంటే ముందు ఈ నొక్కుడును అధిగమించాలి. అందుకే అదే మందంతో గొట్టం మరింత పీడనం తట్టుకుంటుంది, పగుళ్లు కూడా నెమ్మదిగా పాకుతాయి. దీని సూత్రం ఇంజినీరింగ్ పుస్తకాల్లో దొరుకుతుంది. ఫలానా ఉక్కును ఫలానా యంత్రంపై ఎంతవరకు సాగదీస్తే సరిపోతుందో చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది.

దూరం విషయంలో గొట్టంతో పాటు గాలికీ పెద్ద పాత్ర ఉంది. శబ్దవేగానికి రెండు రెట్లు మించి దూసుకుపోయే గుండు వెనుక పీడనం పడిపోయి, దాన్ని వెనక్కి గుంజుతూ ఉంటుంది. స్వీడన్ ఇంజినీర్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. గుండు అడుగున నెమ్మదిగా మండే చిన్న మందు దిమ్మ అమరుస్తారు. అది గుండును తోయదు, వెనుక ఏర్పడే ఖాళీని వాయువుతో నింపుతుందంతే. బేస్ బ్లీడ్ అనే ఈ పద్ధతి వల్ల దూరం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది.

ఎత్తయిన పర్వతాల్లో లెక్క మళ్లీ మారుతుంది. సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సుమారు 63 శాతమే. గుండుకు అడ్డు తగ్గి మైదానంలో కంటే దూరం పోతుంది. మరోవైపు చలికి మందు మండే వేగం తగ్గి, గుండు బయటపడే వేగమూ తగ్గుతుంది. ఈ రెండూ కలిసి ఏ కోణంలో, ఏ మోతాదు మందుతో, ఎంత దూరం అనే పట్టికలను తారుమారు చేస్తాయి. మైదానంలో కాల్చి తయారు చేసిన పట్టికతో కొండల్లో యుద్ధం చేయలేం.

1999లో కార్గిల్ దగ్గర ఇదంతా నేరుగా అనుభవంలోకి వచ్చింది. తోలోలింగ్, టైగర్ హిల్ శిఖరాల మీద రాతి గూళ్లలో దాగిన శత్రువును చెదరగొట్టడంలో బోఫోర్స్ ఫిరంగులదే ముఖ్యపాత్ర. కనిపించని లక్ష్యాల కోసం చేసిన ఫిరంగిని అక్కడ కళ్లెదుట కనిపించే బంకర్ల మీదికి సూటిగా గురిపెట్టి కూడా కాల్చారు. ఆ యుద్ధంలో మన శతఘ్ని దళం రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. 12 ఏళ్లుగా కుంభకోణానికి మారుపేరుగా నిలిచిన ఫిరంగి సైనికుల ప్రాణాలు నిలబెట్టింది. అయినా ఆ తరువాత 17 ఏళ్ల పాటు ఒక్క కొత్త 155 మి.మీ. ఫిరంగి కొనుగోలు ఒప్పందం కూడా సైన్యానికి దక్కలేదు.

కార్గిల్ ఏడాదిలోనే సైన్యం ఒక పెద్ద ప్రణాళిక రూపొందించింది. అందులో 2,800కు పైగా ఫిరంగులు ఉన్నాయి. లాక్కెళ్లేవి, లారీపై అమర్చినవి, ట్యాంకులా గొలుసు చక్రాలపై నడిచేవి, హెలికాప్టర్‌తో ఎత్తదగిన తేలికవి, ఇలా అన్ని రకాలూ 155 మి.మీ. కొలతలోనే. టెండర్లు పిలిచారు, ఎడారిలోనూ మంచులోనూ పరీక్షలు జరిపారు. 2005లో దక్షిణాఫ్రికా సంస్థ డెనెల్‌ను అవినీతి ఆరోపణలపై పక్కన పెట్టారు. 2012లో సింగపూర్, ఇజ్రాయెల్, జర్మనీ మూలాలున్న సంస్థలపై పదేళ్ల నిషేధం పడింది. పోటీలో ఒక్కరే మిగిలితే ధర పోల్చలేమని టెండరు రద్దయ్యేది. మళ్లీ మొదటి నుంచి.

అవినీతిని శిక్షించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ సంస్థను మొత్తంగా వెలివేసినప్పుడు దాంతో ముడిపడిన మందుగుండు, విడిభాగాలు, కర్మాగార సాంకేతికత కూడా ఆగిపోతాయి. బిహార్‌లోని నలంద ఆయుధ కర్మాగారం ఇందుకు బాధాకరమైన ఉదాహరణ. 155 మి.మీ. గుండ్లను తోసే మందు దిమ్మల కోసం 1999లో దానికి శంకుస్థాపన జరిగింది. సాంకేతికత అందించాల్సిన విదేశీ సంస్థలు ఒకదాని తరువాత ఒకటి నిషేధాల్లో చిక్కుకోవడంతో ఉత్పత్తి ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. తప్పు చేసిన వ్యక్తికి శిక్ష, సంస్థకు భారీ జరిమానా, సరఫరాకు మాత్రం కొనసాగింపు అనే మార్గం అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

స్తంభన వీడింది 2016 నవంబరులో. అమెరికా ప్రభుత్వం ద్వారా 145 ఎం-777 ఫిరంగులకు ఒప్పందం కుదిరింది. టైటానియం విరివిగా వాడటం వల్ల దీని బరువు 4.2 టన్నుల దగ్గరే ఉంటుంది. బోఫోర్స్ దాదాపు 12 టన్నులు. చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి రోడ్డు లేని కొండ మీదికి చేర్చవచ్చు. 2017 మే నెలలో కొరియా నమూనా ఆధారంగా 100 కె-9 వజ్ర ఫిరంగుల ఒప్పందం జరిగింది. ఎల్ అండ్ టీ సంస్థ గుజరాత్‌లోని హజీరాలో వాటిని తయారు చేసి, గడువు కంటే ముందే 2021 ఫిబ్రవరికల్లా పూర్తిగా అప్పగించింది. ఎడారి కోసం కొన్న ఈ గొలుసు చక్రాల ఫిరంగిని చైనాతో ఉద్రిక్తత పెరిగాక లద్దాఖ్‌కు తరలించారు. చలిని తట్టుకునే ఏర్పాట్లతో అక్కడా అది పనిచేసింది. దాంతో 2024 డిసెంబరులో దాదాపు 7,629 కోట్ల రూపాయలతో మరికొన్ని వజ్రలకు ఒప్పందం చేసుకున్నారు.

ఇక ఇంతకాలం పడి ఉన్న బోఫోర్స్ పత్రాల దగ్గరికి వద్దాం. వాటి ఆధారంగా జబల్‌పూర్ తుపాకీ వాహక కర్మాగారం ధనుష్ అనే ఫిరంగిని రూపొందించింది. గొట్టాన్ని 39 నుంచి 45 రెట్లకు పెంచారు, గురిపెట్టే వ్యవస్థలో కంప్యూటర్ చేరింది, దూరం 38 కిలోమీటర్ల దాకా వచ్చింది. దారి మాత్రం సాఫీగా సాగలేదు. 2013 పరీక్షల్లో ఒక గొట్టం పగిలింది. 2017లో, జర్మనీలో తయారైనవని చెప్పి చైనా బేరింగులు సరఫరా చేశారనే ఆరోపణపై సీబీఐ కేసు పెట్టింది. చివరికి 2019 ఏప్రిల్‌లో మొదటి ఆరు ఫిరంగులు సైన్యానికి చేరాయి. 114కు ఆర్డరు ఉన్నా, అవి అనుకున్న వేగంతో రాలేదు. దీనికి తోడు సోవియట్ కాలపు 130 మి.మీ. ఫిరంగులకు 155/45 గొట్టం అమర్చి శారంగ్ అనే పేరుతో కొత్త జీవం పోస్తున్నారు. పాత ఫిరంగి 27 కిలోమీటర్లు కొడితే ఇది 36 దాటుతుంది. తక్కువ ఖర్చుతో ఇంత ప్రయోజనం ఇచ్చిన పని మరొకటి లేదు, దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పుణె ప్రయోగశాల 2013లో మొదలుపెట్టిన అటాగ్స్ అనే ఫిరంగి మరో మెట్టు పైకి వెళ్లింది. భారత్ ఫోర్జ్, టాటా సంస్థలు అభివృద్ధి దశ నుంచే భాగస్వాములు. 155/52 ఫిరంగుల్లో మందు పేర్చే గది పరిమాణం సాధారణంగా 23 లీటర్లు. అటాగ్స్‌లో 25 లీటర్లు. ఎక్కువ మందు, ఎక్కువ వేగం. 2017 సెప్టెంబరులో పోఖ్రాన్‌లో అది 48 కిలోమీటర్ల దూరం గుండు వేసింది. గురి, గుండు ఎక్కించడం వంటి పనులన్నీ హైడ్రాలిక్ నూనెతో కాక విద్యుత్ మోటార్లతో నడుస్తాయి. చలికి నూనె చిక్కబడే బాధ ఉండదు. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. బరువు సుమారు 18 టన్నులు, కొండ దారుల మలుపుల్లో అది చిన్న విషయం కాదు. ఎక్కువ మందు గొట్టాన్ని త్వరగా అరగదీస్తుంది కూడా. రెండు లీటర్ల అదనపు గది కోసం ఈ బరువు మోయాలా అని సైన్యం వైపు నుంచి వచ్చిన అసంతృప్తి న్యాయమైనదే.

2020 సెప్టెంబరులో పోఖ్రాన్ పరీక్షలో అటాగ్స్ గొట్టం పగిలి కొందరు గాయపడ్డారు. దీన్ని స్వదేశీ ఫిరంగి వైఫల్యంగా చూపిన విమర్శలు వచ్చాయి. కానీ 2017లో అదే పోఖ్రాన్‌లో అమెరికా నుంచి వచ్చిన ఎం-777 గొట్టం కూడా మన గుండ్లతో పరీక్షిస్తుండగా దెబ్బతింది. గొట్టం లోపలే గుండు పగలడానికి దాన్ని పేల్చే ఫ్యూజులో లోపం, గుండు పోతలో గాలి బుడగ లేదా పగులు, మందు మోతాదు తేడా, ఏదైనా కారణం కావచ్చు. ఫిరంగి, గుండు, మందు, ఫ్యూజు నాలుగింటినీ కలిపి వేలసార్లు కాల్చి పరీక్షిస్తే తప్ప ఏ దేశం ఫిరంగి అయినా నమ్మదగినది కాదు. వాటిలో ఒక్కోటి ఒక్కోచోటు నుంచి వస్తుంటే ప్రమాదానికి కారణం తేల్చడమే కష్టమవుతుంది. ఆ విచారణల ఫలితాలు డిజైనర్లకు ఎలాంటి కొనుగోలూ ఇవ్వలేని జ్ఞానాన్ని ఇస్తాయి. 2025 మార్చి 26న భారత్ ఫోర్జ్, టాటా సంస్థలతో దాదాపు 6,900 కోట్ల రూపాయల ఒప్పందాలు జరిగాయి. 307 అటాగ్స్ ఫిరంగులు, వాటిని లాగే వాహనాలు వస్తాయి. మొదలుపెట్టిన 12 ఏళ్లకు.

ఫిరంగి చేతికొచ్చినా అది ఎక్కడ ఉందో శత్రువు పసిగట్టడం ఇప్పుడు తేలిక. గాలిలో పోతున్న గుండు మార్గాన్ని రాడార్ పట్టుకుని వెనక్కి లెక్కగట్టి, అది బయల్దేరిన చోటు చెప్పేస్తుంది. కార్గిల్‌లో ఈ రాడార్లు లేక మనం నష్టపోయాం. ఆ అవసరంతో డీఆర్‌డీఓ రూపొందించిన స్వాతి రాడార్ ఇప్పుడు సైన్యంలో ఉంది, ఆర్మీనియాకు ఎగుమతి కూడా అయింది. అవతలి పక్షానికీ ఇలాంటివి ఉంటాయి కనుక, గుండ్లు వేసి నిమిషాల్లో చోటు మార్చాలి. వజ్ర 15 సెకన్లలో మూడు గుండ్లు వేసి కదిలిపోగలదు. ఈ ఒక్క కారణంతోనే, లారీపై అమర్చిన ఫిరంగులకు ఇకపై పెద్దపీట వేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. లాక్కెళ్లే ఫిరంగిని విప్పి, మళ్లీ తగిలించుకునే సమయం ఇకపై ఎవరూ ఇవ్వరు.

దూరం పెరిగేకొద్దీ గుండు చెదిరే పరిధి కూడా పెరుగుతుంది. గాలివాటంలో, మందు వేడిలో చిన్న తేడా 40 కిలోమీటర్ల అవతల వందల మీటర్లవుతుంది. అందుకే 2019లో సైన్యం ఉపగ్రహ సంకేతాలతో దారి సరిచేసుకునే అమెరికన్ ఎక్స్‌కాలిబర్ గుండ్లు కొంది. అవి చాలా ఖరీదైనవి, లెక్కపెట్టుకుని వాడాల్సినవి. మామూలు గుండు ముక్కుకు బిగించే, దారి సరిచేసే ఫ్యూజులు ఇక్కడే చవకగా తయారైతే ఈ వందల ఫిరంగుల విలువ రెట్టింపవుతుంది. ఐఐటీ మద్రాస్ పరిశోధకులు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ మండే రామ్‌జెట్ ఇంజిన్‌ను 155 మి.మీ. గుండులోకి ఇమిడ్చే పనిలో ఉన్నారు. గొట్టం నుంచి బయటపడేటప్పుడు దేన్నయినా అణచివేసే త్వరణాన్ని తట్టుకుని, ఆ తరువాత ఇంజిన్ వెలగాలి. అది నెరవేరితే అటాగ్స్ గొట్టాన్ని మార్చకుండానే దూరం ఎంతో పెరుగుతుంది.