వారం కిస్తీ ఆమె కూలిలోంచే

తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పుల (మైక్రోఫైనాన్స్) వారం కిస్తీల వసూళ్ల మీద పల్లెల్లో మళ్లీ గొడవ మొదలైంది. ఇప్పటి గొడవకు మూలం 2010 అక్టోబరులో ఉంది.

అప్పటికి ఒకే ఇంట్లో మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీల అప్పులు ఉండేవి. ఇచ్చేది ఆడవాళ్ల పేరుమీద. ఖర్చయ్యేది బోరుకు, పిల్లల ఫీజులకు, ఆసుపత్రికి. కట్టేది మాత్రం ఎక్కువగా ఆమె కలుపు కూలిలోంచి, పాల డబ్బుల్లోంచి. కొందరిని గ్రూపుగా చేసి అప్పిచ్చేవారు, అందులో ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కొంత వేయాలి. వసూలు మీటింగులో లెక్క సరిపోయేదాకా ఎవరినీ లేవనిచ్చేవారు కాదు. దాంతో పక్కింటావిడే వచ్చి గుమ్మం ముందు నిలదీసే పరిస్థితి వచ్చింది. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి, ఇంటికి వెళ్లకూడదు. కిస్తీ నెలకోసారే. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. 2011లో అది చట్టమైంది. అంతకుముందు 2006లో కృష్ణా జిల్లాలోనూ ఇవే ఫిర్యాదులు వచ్చాయి. అధికారులు బ్రాంచీలు మూయించారు, కంపెనీలు పద్ధతి మార్చుకుంటామన్నాయి. మాట మీద వదిలేస్తే ఏమవుతుందో నాలుగేళ్లలో తేలింది.

చట్టం వల్ల కట్టగలిగినవాళ్లూ మానేశారని, బ్యాంకులు తమకు అప్పులు ఆపేశాయని కంపెనీల వాదన. వసూళ్లు కుప్పకూలిన మాట నిజమే.

2022లో రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలతో వడ్డీపై పరిమితి ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంక్ పరిధిలోని ఫైనాన్స్ కంపెనీలకు 2011 చట్టం వర్తించదని చెప్పింది. ఆడవాళ్లకున్న రక్షణ గోడ అక్కడ పోయింది. కొత్త నిబంధనల్లోనూ బెదిరింపులు నిషేధమే. కానీ అనుకున్న చోటికి వరుసగా రెండుసార్లు రాకపోతే ఇంటికి వెళ్లొచ్చు. కూలి దొరకని రెండు వారాలు చాలు, ఏజెంటు గుమ్మంలో ఉంటాడు.

అప్పు ఎంతివ్వాలో తేల్చేటప్పుడు మొగుడి సంపాదన కూడా కలిపి ఇంటి ఆదాయం లెక్కగడతారు. వసూలుకొచ్చేసరికి ఆమెనే పట్టుకుంటారు. రాష్ట్ర చట్టం చెల్లనప్పుడు, ఇంటికి వెళ్లకూడదన్న ఆ పాత షరతును రిజర్వ్ బ్యాంకే తన నిబంధనల్లో పెట్టాలి.