కాల్ కలిసింది, మాట ఏది? వాయిస్ లోడ్ టెస్టింగ్‌లో అపోహలు - వాస్తవాలు

రిపోర్ట్‌లో వెయ్యి కాల్స్‌కు వెయ్యీ సక్సెస్. సర్వర్ నెట్‌వర్క్ గ్రాఫ్ చూస్తే మాత్రం ట్రాఫిక్ దాదాపు సున్నా. వాయిస్ లోడ్ టెస్టింగ్‌లో, అంటే ఇంటర్నెట్ ఫోన్ సర్వర్ మీదికి ఒకేసారి వందల కాల్స్ పంపి పరీక్షించే పనిలో ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే ఇది. ఈ విషయంలో నేను తరచూ వినేవి, కొన్ని నేనూ నమ్మినవి రాస్తున్నాను.

అపోహ: కాల్ సక్సెస్ అయిందంటే ఆడియో వెళ్లినట్టే.

వాస్తవం: కాల్ కలపడం సిప్ (SIP) అనే ప్రోటోకాల్ పని, మాటను ప్యాకెట్లుగా మోయడం ఆర్‌టీపీ (RTP) అనే ఇంకో ప్రోటోకాల్ పని. రెండింటి దారులూ వేరు. సిప్ మామూలుగా 5060 పోర్టులో నడుస్తుంది. ఆడియో ఎక్కడికి పంపాలో, కాల్‌కి పిలిచే ఇన్వైట్ మెసేజ్‌లోనూ, దానికి ఒప్పుకునే 200 ఓకే జవాబులోనూ ఉండే ఎస్‌డీపీ (SDP) అనే భాగం చెబుతుంది. అందులో 'సి' లైన్‌లో ఐపీ అడ్రస్, 'ఎం' లైన్‌లో పోర్టు ఉంటాయి. టెస్ట్ కాల్స్ పుట్టించే సిప్‌పీ లాంటి టూల్‌కి సినారియోలో (కాల్ స్టెప్పుల ఫైల్‌లో) రాసిన మెసేజ్‌లు వరుసగా వచ్చి వెళ్తే చాలు, కాల్ సక్సెస్ అనే లెక్కేస్తుంది. ఆడియో ప్లే చేయమని విడిగా రాయకపోతే ఎస్‌డీపీలో పోర్టు చెప్పి ఊరుకుంటుంది, అంతే.

రాసినా ఒక చిక్కుంది. పీక్యాప్ ఫైల్‌ని (ముందే పట్టి పెట్టుకున్న ఆడియో ప్యాకెట్లను) ప్లే చేసే యాక్షన్, ఆడియో పూర్తయ్యేదాకా ఆగదు. మొదలుపెట్టి వెంటనే తర్వాతి స్టెప్‌కి వెళ్లిపోతుంది. వెనకాల రికార్డింగ్ నిడివికి సరిపడా పాజ్ లేకపోతే కాల్ ముగించే 'బై' మెసేజ్ వెళ్లిపోతుంది, ఆడియో మొదట్లోనే తెగిపోతుంది. నేను ఒకసారి రెండు రోజులు ఫైర్‌వాల్ రూల్స్ తిరగేశాను. తీరా చూస్తే సినారియోలో పాజ్ లైన్ లేదు. ఇంకో సంగతి: పీక్యాప్ ప్లేకి రా సాకెట్ (ప్యాకెట్లను నేరుగా తయారుచేసి పంపే దారి) కావాలి. అందుకని రూట్‌గా నడపాలి, లేదా ఆ పర్మిషన్ విడిగా ఇవ్వాలి. టూల్‌ని పీక్యాప్ సపోర్ట్‌తో బిల్డ్ చేసి ఉండాలి కూడా.

అపోహ: ప్యాకెట్లు పట్టి చూపించే వైర్‌షార్క్ టూల్‌లో ఆర్‌టీపీ కనిపించలేదంటే ఆడియో లేనట్టే.

వాస్తవం: ఏ పోర్టులో ఆర్‌టీపీ ఉందో వైర్‌షార్క్ ఎస్‌డీపీ చదివి తెలుసుకుంటుంది. కాల్స్ కలిశాక క్యాప్చర్ మొదలుపెట్టినా, సిప్ టీఎల్‌ఎస్‌లో (ఎన్‌క్రిప్ట్ అయి) వెళ్తున్నా అది చదవలేదు. అప్పుడు ఆడియో ఉత్త యూడీపీ ప్యాకెట్లుగా కనిపిస్తుంది. 'డికోడ్ యాజ్'లో ఆర్‌టీపీ ఎంచుకుంటే బయటపడుతుంది. గుర్తుపట్టడానికి ఒక లెక్క: జీ.711 అనే ఆడియో కోడెక్‌లో మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక్కోదానిలో 160 బైట్ల ఆడియో, హెడర్లతో కలిపి 200 బైట్ల ఐపీ ప్యాకెట్.

ఎక్కడ క్యాప్చర్ చేస్తున్నారో కూడా చూసుకోండి. కాల్ చేసేదీ తీసుకునేదీ ఒకే మెషీన్‌లో ఉంటే ట్రాఫిక్ లూప్‌బ్యాక్‌లో తిరుగుతుంది, నెట్‌వర్క్ కార్డు మీద కనపడదు. డైరెక్ట్ మీడియా (రెండు వైపులా ఆడియోని నేరుగా పంపుకోవడం) ఆన్‌లో ఉంటే ఆడియో సర్వర్ దగ్గరికే రాదు. లోడ్ పెరిగితే టీసీపీడంప్ అనే క్యాప్చర్ టూల్ కూడా ప్యాకెట్లు వదిలేస్తుంది. ఆపినప్పుడు కెర్నల్ ఎన్ని డ్రాప్ చేసిందో చెప్పే లైన్ తప్పక చదవండి.

అపోహ: బ్యాండ్‌విడ్త్ చాలక ఆడియో ఆగిపోయింది.

వాస్తవం: జీ.711కి ఒక్కో దిశలో 80 కేబీపీఎస్. వెయ్యి కాల్స్‌కి 80 ఎంబీపీఎస్. గిగాబిట్ లింకుకు ఇది బరువు కాదు. బరువల్లా సెకనుకు 50,000 చిన్న ప్యాకెట్లు. యూడీపీ గణాంకాల్లో రిసీవ్ బఫర్ ఎర్రర్లు పెరుగుతున్నాయేమో చూడండి.

అపోహ: ఒక్క కాల్‌కి ఆడియో వస్తే వెయ్యికీ వస్తుంది.

వాస్తవం: ఒక్కో స్ట్రీమ్ ఆర్‌టీపీకి ఒక పోర్టు, ఆడియో నాణ్యత లెక్కలు మోసే ఆర్‌టీసీపీకి పక్క పోర్టు తీసుకుంటుంది. ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ నమూనా కాన్ఫిగ్‌లో ఉండే 10000-20000 రేంజ్ దాదాపు 5,000 స్ట్రీమ్‌లకు సరిపోతుంది. సర్వర్ మధ్యలో ఉంటే కాల్‌కి రెండు స్ట్రీమ్‌లు, అంటే దాదాపు 2,500 కాల్స్. ఫైల్ డిస్క్రిప్టర్ లిమిట్ (ఒక ప్రోగ్రామ్ ఒకేసారి తెరవగల ఫైళ్లు, సాకెట్ల హద్దు) 1024 దగ్గరే ఉండిపోవడం, కనెక్షన్లను గుర్తుపెట్టుకునే కాన్‌ట్రాక్ టేబుల్ నిండి కెర్నల్ ప్యాకెట్లు పారేయడం కూడా మామూలే. కొన్ని వందల కాల్స్ దాకా బాగుండి ఆ తర్వాత మూగబోతే వీటినే అనుమానించండి. మొదటి కాల్ నుంచే మూగగా ఉంటే ఎస్‌డీపీ, పాజ్, పర్మిషన్ల వైపు వెళ్లండి.

అపోహ: ఫైర్‌వాల్ తెరిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎస్‌డీపీలో 10తోనో 192.168తోనో మొదలయ్యే ప్రైవేట్ అడ్రస్ ఉండి, అవతలివాళ్లు బయటి నెట్‌వర్క్‌లో ఉంటే, మామూలుగా ఎన్ని పోర్టులు తెరిచినా అవతలి వైపు నుంచి ఆడియో చేరదు. ఒకవైపు ఆడియోకి నేను ముందు చూసేది ఇదే. ఎన్‌ఏటీ (ప్రైవేట్ అడ్రస్‌ను పబ్లిక్ అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) ఉన్నప్పుడు కొన్ని సర్వర్లు అవతలి నుంచి ప్యాకెట్ వచ్చాకే తిరిగి పంపుతాయి. రెండు వైపులా అలాగే ఎదురుచూస్తే ఎవరూ మొదలుపెట్టరు.

కాబట్టి దేన్నీ మార్చకముందు ఒక్క కాల్‌తో నాలుగు చోట్ల ప్యాకెట్లు లెక్కపెట్టండి: పంపేవైపు బయటికి, సర్వర్ లోపలికి, సర్వర్ బయటికి, అందుకునేవైపు లోపలికి. 30 సెకన్ల జీ.711 ఆడియోకి ప్రతిచోటా దాదాపు 1,500 ఉండాలి. ఎక్కడ అంకె పడిపోయిందో అక్కడే వెతకండి.