నీటికుక్కకు మట్టిలో దొరికిన పని

ఒళ్లంతా ఉంగరాల ఉన్ని, గుండ్రటి కళ్లు. లగొట్టో రొమాన్యోలో అనే ఇటలీ జాతి కుక్కను చూడగానే టెడ్డీబేర్ గుర్తొస్తుంది. జుట్టు పెద్దగా రాలదు, ఫ్లాట్లలో హాయిగా పెంచుకోవచ్చు అని అమ్మేవాళ్లూ ఉన్నారు. రాలని మాట నిజమే గానీ, ఏడాదికోసారైనా మొత్తం కత్తిరించకపోతే అట్టకట్టుకుపోతుంది. ఇక పెరడంతా తవ్విపోస్తోందని కొన్నవాళ్ల గోల. తవ్వక ఏం చేస్తుంది? సుమారు 150 ఏళ్లుగా దాన్ని పెంచిందే అందుకు.

అంతకుముందు దాని బతుకంతా నీళ్లలోనే. ఇటలీలో ఏడ్రియాటిక్ తీరాన, రవెన్నా, కొమాక్కియో చుట్టూ ఒకప్పుడు విశాలమైన చిత్తడి నేలలుండేవి. అక్కడివాళ్లు చదునైన పడవల్లో వెళ్లి బాతుల్నీ, మన కొల్లేరులోనూ కనిపించే నల్లటి నీటికోళ్లనూ వేటాడేవారు. నీళ్లలో పడిన పిట్టను నోట కరుచుకురావడం ఈ కుక్క వంతు. చలికాలంలో ఎంతసేపు ఈదినా తడి చర్మానికి తగలనివ్వనిది ఆ రెండు పొరల ఉన్నే. ఆ ప్రాంతం పేరు రొమాన్యా, అక్కడి మాండలికంలో 'కాన్ లగోత్' అంటే ఉంగరాల జుట్టున్న నీటికుక్క.

తర్వాత చిత్తడిని ఎండగట్టి సాగులోకి తెచ్చారు. పిట్టల వేటా తగ్గిపోయింది. 1840-1890 మధ్య కుక్క వృత్తి మారింది, ట్రఫుల్స్ వెతకడం మొదలుపెట్టింది. ఓక్, హేజెల్ వంటి చెట్ల వేళ్లను అంటుకుని భూమిలోపలే పెరిగే పుట్టగొడుగులివి. పైకి కనపడవు, ముదిరాక వాసన మాత్రం వస్తుంది. పందులు కూడా పసిగడతాయి, కాకపోతే దొరికింది దొరికినట్టు మింగేస్తాయి. లగొట్టో ముందుకాళ్లతో నాలుగుసార్లు గీరగానే యజమాని దాన్ని చేత్తో పక్కకు నెట్టి, చిన్న పారతో మిగతా మట్టి మెల్లగా తీస్తాడు. కుక్కకో రొట్టెముక్క పడేస్తాడు. అడవి జంతువు వాసన తగిలినా దృష్టి అటు మళ్లని కుక్కల్నే తరతరాలుగా ఏరి పెంచారు. వేటకుక్కలో వేటబుద్ధిని తగ్గించగలగడం, నన్నడిగితే, ఈ కథలోకెల్లా పెద్ద పనితనం.

చిక్కు కూడా ఆ పనిలోంచే వచ్చింది. ట్రఫుల్స్ ఏరేవాళ్లకు ముక్కు ముఖ్యం, జాతి కాదు. బాగా వాసన పట్టే ఏ కుక్కతోనైనా జతకట్టించేవారు. 1970ల నాటికి అసలు రకం దాదాపు కనుమరుగైంది. క్వింతినో తోస్కి, ఫ్రాంచెస్కో బలోత్తా, లోదోవికో బబీని, అంతోనియో మోర్సియానీ అనే కుక్కల ప్రేమికులు కలిసి, మిగిలిన కాసిని కుక్కలతో జాతిని మళ్లీ నిలబెట్టారు. 1988లో ఇటలీలోని ఇమోలా ఊళ్లో ఈ జాతి కోసం క్లబ్ పెట్టారు. కుక్కల జాతుల్ని గుర్తించే అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య దీన్ని 1995లో తాత్కాలికంగా, 2005లో పూర్తిగా గుర్తించింది.

కాసిని కుక్కలతో మొదలుపెట్టిన ఫలితం తర్వాత బయటపడింది. ఐదారు వారాల వయసులో కొన్ని కుక్కపిల్లలకు ఫిట్స్ వస్తాయి. నాలుగు నెలలు నిండేలోపు చాలావరకు వాటంతటవే పోతాయి. ఆ జన్యులోపాన్ని 2011లో కనిపెట్టారు. 2015లో లోపం తెలిసిన ఇంకో నాడీజబ్బు మాత్రం పోయేది కాదు, నడక తూలుతూ రానురాను ముదురుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం అందితేనే ఈ జబ్బులు వస్తాయి. జన్యుపరీక్షలో ఒకవైపే లోపం ఉందని తేలిన కుక్కను, లోపం లేనిదానితో జతకట్టిస్తే పిల్లలకు జబ్బు రాదు. టెన్షన్ పడి అలాంటి కుక్కలన్నిటినీ పక్కన పెట్టేస్తే, అసలే తక్కువున్న వంశాల్లో మళ్లీ దగ్గరివాటినే కలపాల్సి వస్తుంది.